రిజిస్టర్ల చరిత్ర: పోలీసు ఠాణా నుంచి ఆరోగ్య కార్డు దాకా

పోయిన భాగంలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం గురించి రాసిన. కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాసి, ఠాణా రిజిస్టరుకెక్కించి, హాజరు వేయించిన చట్టం అది. దానికి రెండో భాగం కూడా ఒకటున్నదని మనలో చాలామందికి తెలియదు. మొదటి భాగం 'నేరస్థ జాతుల' మీద, రెండో భాగం హిజ్రాల మీద. చట్టం ఒకటే, రిజిస్టరు పద్ధతి ఒకటే. తెల్లదొర మన తాతలను, హిజ్రాలను ఒకే తాడుతో కట్టిండు. "వాళ్ల ముచ్చట మనకెందుకన్నా" అని నన్నడిగే మన వాడల మిత్రులకు ముందుగాల ఈ సంగతి చెప్పాలె.

రామగుండం, గోదావరిఖని దిక్కున ఉండే ట్రాన్స్ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా ఆపరేషన్‌కు సర్కారు కార్డు పనిచేస్తదా?" కాగితం మీద పనిచేస్తది. ఆ కాగితం పుట్టడానికి నూరేండ్లు పట్టింది. అది మన చేతికి రావడానికి ఇంకా ఎన్ని గడపలు దాటాల్నో చూద్దాం.

పేపర్లు దీన్ని 'లింగమార్పిడి' అని రాస్తయి. చేయించుకున్నవాళ్లు మాత్రం మారిపోయినమని అనరు. లోపల ఎట్లున్నమో శరీరాన్ని అట్ల చేసుకున్నమంటరు. ట్రాన్స్ మహిళలకే కాదు, ఛాతీ ఆపరేషన్ కోసం ఎదురుచూసే ట్రాన్స్ మగవాళ్లకు కూడా ఇది బతుకు ప్రశ్నే.

నిజాం రాసిన చట్టం

1911లో బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టాన్ని కొత్తగా రాసినప్పుడు హిజ్రాల భాగాన్ని వదిలేసింది. దొర వదిలేసినదాన్ని నిజాం సర్కారు ఎత్తుకున్నది. 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో హిజ్రాల మీద ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. మగపిల్లలను ఎత్తుకుపోతరనో, వాళ్లకు లింగవిచ్ఛేదం చేస్తరనో అనుమానం ఉంటే చాలు, పేరు రిజిస్టరుకెక్కుతది. పేరెక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో, నగలతో వీధిలో కనబడినా, పాడినా ఆడినా, వారెంటు లేకుండా పట్టుకపోవచ్చు. రెండేండ్ల దాకా జైలు. లింగవిచ్ఛేదం చేయడం, దానికి సాయపడడం కూడా ఆ చట్టం కింద శిక్షపడే నేరాలే.

1948లో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన పోయింది. 1950లో బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ వచ్చినయి. ఈ చట్టం మాత్రం పేరు ముందు రాష్ట్రాన్ని మార్చుకుంట పుస్తకాల్లో అట్లనే కూసున్నది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో దీనిమీద హైకోర్టుకు పోయిన్రు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్ ధర్మాసనం, ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా చెప్పింది. లెక్కేసి చూడండి: 104 ఏండ్లు.

డాక్టరు ఎందుకు భయపడ్డడు?

ఈ చట్టం ఒక్కటే అయితే కథ వేరు. భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో 'తీవ్ర గాయాల' జాబితా ఉండేది. ఆ జాబితాలో మొట్టమొదటిది లింగవిచ్ఛేదం. ఇష్టపడి చేయించుకునే ఆపరేషన్‌ను, బలవంతపు హింసను విడదీసి చెప్పే స్పష్టమైన మాట ఏదీ లేక, చాలామంది సర్జన్లు మనకెందుకొచ్చిన కేసని చేతులెత్తేసిన్రు. డాక్టరు తలుపు మూస్తే మనిషి ఆగుతడా? ఆగడు. దొంగతొవ్వ వెతుక్కుంటడు.

ఆ దొంగతొవ్వ చరిత్ర రెండు పుస్తకాల్లో ఉన్నది. తమిళనాడుకు చెందిన దళిత ట్రాన్స్ మహిళ లివింగ్ స్మైల్ విద్య తన ఆత్మకథలో, ఆపరేషన్ కోసం మన కడపకు వచ్చిన సంగతి రాసింది. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేసిన్రు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. హిజ్రా సమాజం ఈ ఆపరేషన్‌ను 'నిర్వాణం' అంటది. దవాఖాన లేని కాలంలో ఈ పని చేసింది దాయమ్మ. తర్వాత చిన్న క్లినిక్కులు దొరికినయి. రసీదు ఉండదు, కేస్‌షీటు ఉండదు. ఏమన్న అయితే అడిగే దిక్కుండదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు ఒకరికి ఈ ఆపరేషన్ చేయబోయిన్రు. ఆ మనిషి సచ్చిపోయిన్రు. అప్పటికి దేశంలో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం అమల్లోకి వచ్చి రెండేండ్లు దాటింది. చట్టం ఢిల్లీలో ఉన్నది, మనిషి లాడ్జిలో ఉన్నరు. నడుమ ఉండాల్సిన బీమా కార్డు లేదు.

బీమా ఎవరి పేరు మీద?

ఇప్పుడు బీమా చరిత్రకు వద్దాం. ఇక్కడ కూడా బాబాసాహెబే ముందు కనబడ్తడు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిండు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి కార్మికుల బతుకు కండ్లార చూసిండు. 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. అదే ఏడాది బి.పి. అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చిండు. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి పునాది అదే. జబ్బుపడితే దయ చూపడం వేరు, వైద్యం హక్కుగా దొరకడం వేరని ఈ దేశంలో కార్మికునికి తెలిసింది అప్పుడే.

ఈఎస్ఐ చట్టం ఫ్యాక్టరీ అన్న మాటలోంచి గనులను మినహాయించింది. బొగ్గుబాయి కార్మికునికి కంపెనీ దవాఖానే దిక్కయింది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన ఫిల్లర్లలో ఎక్కువమంది మన మాదిగ, మాల బిడ్డలు. కొట్లాడి తెచ్చుకున్న ఆ దవాఖాన వాళ్లకు చిన్నదేం కాదు. పొలాల కాడ దొర దయమీద బతికినోనికి మొదటిసారి సూదిమందు హక్కుగా దొరికింది అక్కడనే.

అయితే ఆ హక్కు ఇంట్లోవాళ్లకు దొరికేది కార్మికుడు రాసిచ్చిన ఆశ్రితుల జాబితా ద్వారా. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు. కోల్‌బెల్ట్‌లో కొడుకు అన్న మాటకు ప్రేమతో పాటు ఇంకో లెక్క కూడా ఉన్నది. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం చాలాకాలం మగబిడ్డకే అన్నట్టు నడిచింది. ఉద్యోగం వెనుక క్వార్టర్, పెండ్లి, చెల్లె కట్నం అన్నీ కొడుకు మీదనే నిలబడినయి. అసుంటి ఇంట్ల కొడుకనుకున్న బిడ్డ "నేను మీ బిడ్డనే గాని కొడుకును కాదు" అంటే, ఆ ఇల్లు పరువుతో పాటు రేపటి కూడు గురించి కూడా భయపడ్తది. ఆ భయమే చాలామందిని ఇంట్లోంచి నూకేసింది. గడప దాటిన బిడ్డ పేరు ఆశ్రితుల జాబితాలో ఉన్నా, పక్కన నిలబడి దవాఖానకు తోల్కపోయే తండ్రి లేడు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదోడు కార్పొరేట్ దవాఖాన మెట్లెక్కిండు, ఒప్పుకోవాలె. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ దానికీ మూలం ఆహార భద్రత కార్డు. ఆ కార్డు కుటుంబానిది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే నాడు రాష్ట్రమంతా సొంతూరికి ఉరికింది గుర్తుందా? ఇంట్లో ఉంటేనే లెక్క అన్నరు. ఇంట్లోకి రానియ్యని బిడ్డ ఏ ఇంటి లెక్కలోకి వస్తది?

ప్రైవేటు పాలసీల సంగతి ఇంకా విచిత్రం. బీమా నియంత్రణ సంస్థ 2019 సెప్టెంబరులో మినహాయింపుల ప్రామాణిక జాబితా ఒకటి ఇచ్చింది. అందులో ఏడో కోడ్ లింగమార్పిడి చికిత్సలది. ఆ ఖర్చులు ఇయ్యమని కంపెనీలు రాసుకోవచ్చు. మూడు నెలలు తిరగకముందే, 2019 డిసెంబరులో, పార్లమెంటు చేసిన చట్టం ఆ ఖర్చులకు బీమా ఉండాలన్నది. ఒకే ఏడాది, ఒకే ఢిల్లీ. ఏజెంటు మీ ఇంటికొచ్చినప్పుడు చిన్న అక్షరాలను చదవమనేది అందుకే.

2014 నుంచి ఇటు

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చింది. నేను ఎవరినో చెప్పే హక్కు నాదే, దానికి ఆపరేషన్ షరతు పెట్టొద్దని చెప్పింది. ఆరు వారాల తర్వాత, మే 30న, అమెరికాలో వృద్ధుల కోసం నడిచే సర్కారు బీమా మెడికేర్ ఈ ఆపరేషన్ల మీద పెట్టుకున్న పాత నిషేధం ఎగిరిపోయింది. దానిమీద కొట్లాడింది డెనీ మాలన్ అనే 74 ఏండ్ల మాజీ సైనికురాలు. అర్జెంటీనా అంతకు ముందే, 2012లో, హార్మోన్లను, ఆపరేషన్లను తప్పనిసరి వైద్య పథకంలో చేర్చింది. మన పక్క తమిళనాడులో 2008లోనే సంక్షేమ బోర్డు వచ్చింది, సర్కారు దవాఖానల్లో ఉచిత ఆపరేషన్ల తొవ్వ పడ్డది. అంటే ఇది కాని పనేం కాదు, చేసినోళ్లు ఉన్నరు.

మన 2019 చట్టం 2020 జనవరి 10 నుంచి అమలైంది. దాని 15వ సెక్షన్ ఆపరేషన్, హార్మోన్లు, లేజర్ చికిత్స ఖర్చులకు సమగ్ర బీమా పథకం ఉండాలని రాసింది. 2022 ఆగస్టు 24న కేంద్ర సామాజిక న్యాయ శాఖ, జాతీయ ఆరోగ్య సంస్థ కలిసి ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ ఒప్పందం చేసుకున్నయి. మనిషికి ఏడాదికి 5 లక్షలు. అందులో మంచి సంగతి ఒకటున్నది: ఈ కార్డు కుటుంబానిది కాదు, మనిషిది. తల్లిదండ్రుల సంతకంతో పని లేదు.

గడపలు కూడా ఉన్నయి. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కావాలె. అది జిల్లా కలెక్టర్ ఇస్తరు, జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలె. 2020 నియమాల్లో వైద్య పరీక్ష అడగొద్దని, 30 రోజుల్లో ఇయ్యాలని రాసిన్రు. కానీ ఏడాదిగా ఆ జిల్లాలోనే ఉంటున్నట్టు ఉండాలె. ఇల్లు కిరాయికి దొరకక జిల్లాలు మారేటోళ్లకు ఆ ఒక్క షరతే అడ్డుగోడ. ఇంకో పథకం కింద ఇదే లాభం పొందుతుంటే ఇది రాదు. పథకంలో చేరిన దవాఖానలోనే చేయించుకోవాలె. అందుకని ముందుగాల ఆరోగ్యమిత్రను అడగండి. లేదంటే ఆ లేదన్నదే కాగితం మీద రాసియ్యమనండి. నోటిమాటతో వెనక్కు రావొద్దు. నోటిమాట మీద అప్పీలు ఉండదు.

మన బిడ్డలకు ఇంకో గడప ఎక్కువ. కులం సర్టిఫికెట్ పాత పేరు మీద, తండ్రి ఇంటిపేరుతో ఉంటది. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కొత్త పేరు మీద ఉంటది. రెండూ కలవకపోతే ఒక కౌంటర్ కాడ దళితురాలు కాదు, ఇంకో కౌంటర్ కాడ ట్రాన్స్ కాదు. పేరు మార్చుకునే హక్కు ఆ చట్టమే ఇచ్చింది. రెండు సర్టిఫికెట్లలో పేరు కలపడం తహసీల్దార్ ఆఫీసు పని, దయ కాదు.

పెద్దపల్లి జిల్లాలో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీ ఉన్నది. సింగరేణి పైసలతో కట్టింది, పేరులోనే సింగరేణి ఉన్నది. అయినా హార్మోన్ల పరీక్ష కోసం భాగ్యనగర్ ఎక్కి రెండు వందల కిలోమీటర్లు పోవాల్నా? ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివిన ప్రాచీ రాథోడ్, ఆమెతో పాటు రూత్ జాన్ పాల్ 2022 చివర ఉస్మానియాలో సర్కారు డాక్టర్లుగా చేరిన్రు, ట్రాన్స్ మహిళలుగా. డాక్టర్లు లేరనే మాట ఇక చెల్లదు. హైదరాబాద్‌లో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా పైసలు ఆగంగనే 2025లో మూతపడ్డది. దానం మీద నడిచే దవాఖానకు గ్యారంటీ లేదు. బడ్జెట్‌లో ఉన్న దవాఖానను అడగొచ్చు, కొట్లాడొచ్చు, కోర్టుకు లాగొచ్చు.

కాబట్టి సంఘాల మిత్రులకు, యూనియన్ నాయకులకు నా మాట ఇది. వచ్చే వేతన చర్చల్లో, డిమాండ్ల పత్రంలో ఒక లైను రాయండి: ఆశ్రితుల జాబితాలో బిడ్డ లింగం మారినా పేరు పోవద్దు, వైద్యం ఆగొద్దు. మన ఊరి మెడికల్ కాలేజీలో వారానికొక రోజు ట్రాన్స్ క్లినిక్ పెట్టాలని కలెక్టర్‌కు దరఖాస్తు ఇయ్యండి. ఒకప్పుడు మన పేర్లు, వాళ్ల పేర్లు ఠాణా రిజిస్టర్లో మనల్ని అడగకుండనే రాసిన్రు. ఇయ్యాల దవాఖాన రిజిస్టర్లో వాళ్ల పేరు రాయించే పని మనందరిది.

వచ్చే భాగంలో కాంట్రాక్టు కార్మికుల వైద్యం గురించి రాస్త.

జై భీమ్.