మందను మళ్లించే కుక్క కథ



మన పెదకాకాని చుట్టుపట్ల పత్తి కట్టె పీకిన చేలో ఎరువు కోసం గొర్రెల మందను నిలబెట్టించుకుంటే, పక్క చేలో మిరప ఇంకా కోతమీదే ఉంటుంది. నాలుగు గొర్రెలు గట్టు దాటాయో, రైతుకూ కాపరికీ తగవే. అదిలించడానికి కాపరికి ఉన్నవి రెండు కాళ్లూ, ఒక కర్రాను.

మన కాపరుల దగ్గర కుక్కలు లేవా అంటే, ఉన్నాయి. కర్నూలు జిల్లాలో పందికోన ఊరి పేరుతో పిలిచే కుక్కలు కాపలాకు పేరుపడ్డాయి కూడాను. అయితే కాపలా కాయడం వేరు, మందను మళ్లించడం వేరు. ఈ రెండో విద్య ఒక వంశంలో ఎలా నిలిచిందో ఈ పూట చెప్పుకుందాం.

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెలు మైళ్ల తరబడి మేస్తాయి. అక్కడ కుక్క లేనిదే కాపరి లేడు. 1873లో వేల్సులోని బాలా ఊళ్లో మందకుక్కల పోటీ పెట్టారు. అందులో చూసింది కుక్క అందం కాదు, పని. ఆపైన 1893లో నార్తంబర్లాండులో ఆడం టెల్ఫర్ అనే రైతు ఇంట హెంప్ అనే కుక్క పుట్టింది. దాని తండ్రి రాయ్ నెమ్మదిగలది, కాని పనిలో చురుకు తక్కువ. తల్లి మెగ్ చూపుతోనే గొర్రెను నిలబెట్టేది, కాని మరీ బెదురు. ఒకదాని లోటు మరొకటి పూడ్చింది. హెంప్ అరవకుండా, కరవకుండా మందను నడిపేది. అది 1901లో చనిపోయింది. నేటి బోర్డర్ కోలీ కుక్కల్లో చాలావాటి వంశం దానిదాకా పోతుంది. 1906లో కాపరులు అంతర్జాతీయ మందకుక్కల సంఘం పెట్టుకున్నారు. తర్వాత వంశాలను పుస్తకానికి ఎక్కించారు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఒంగోలు గిత్తను నిలబెట్టింది మన రైతే గదా! ఏ ఆవును ఏ ఆంబోతుకు కట్టించాలో పెద్దలు ఎంచి చూసేవారు. ఆ పశువులే సముద్రం దాటి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో విస్తరించాయి.

మరి మందకుక్కల పెంపకం చేపట్టదలచినవాడు ఏం చేయాలి? ఖరీదు పెట్టి ఒత్తు బొచ్చు కుక్కను తెచ్చి, రోహిణి కార్తె ఎండలో చంపుకోవద్దు. మన ఎండకు అలవాటుపడ్డ కుక్కల్లో గొర్రెను తరమకుండా, చుట్టివచ్చే గుణమున్న కూనను ఎంచండి. ముందు పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం నేర్పండి. ఏడాది వయసు దగ్గరపడ్డాక నాలుగైదు సాధు గొర్రెలమీద పని చూపండి. కుడికి ఒక మాట, ఎడమకు ఒక మాట. ఆ మాటలు ఎన్నడూ మార్చవద్దు. కొట్టిన కుక్క మందనూ, మిమ్మల్నీ కూడా వదిలిపోతుంది.

ఏ కూనకు తల్లిదండ్రులెవరో, ఏది ఎలా పనిచేసిందో, ఏది గొర్రెను కరిచిందో నోటుబుక్కులో రాయండి. కరిచేదాన్ని ఎంత అందంగా ఉన్నా కట్టించవద్దు.

2017లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను కట్టించరాదు. దాని జీవితంలో 5 ఈతలు దాటరాదు. 8 వారాలలోపు కూనను అమ్మరాదు.

పిచ్చికుక్క వ్యాధికి టీకా మూడో నెలలో మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. గొర్రెను కోసినప్పుడు పచ్చి పేగులు, కార్జం కుక్కకు వేయకండి. అందులోని బద్దెపురుగు కుక్కకు చేరి, దాన్నుంచి మందకూ, మీ బిడ్డలకూ చేటు తెస్తుంది.

ఒక్క ఈతలో జాతి నిలవదు. టెల్ఫరు చేసింది మీరూ చేయగలరు. దానికి కావలసింది ఓర్పు, నోటుబుక్కు. రేపు మీ మనవడు ఈల వేస్తే మంద మిరప గట్టు దగ్గర ఆగిందంటే, ఆ తగవు లేనట్టే.