మైనస్ ఒకటి పుట్టిన రాత్రి

1900 అక్టోబరు 7. ఆదివారం. బెర్లిన్‌లో ప్రొఫెసర్ మాక్స్ ప్లాంక్ ఇంటికి ఇద్దరు అతిథులొచ్చారు. హైన్రిష్ రూబెన్స్, ఆయన భార్య. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లే. కానీ ఇద్దరు ఫిజిక్స్ ప్రొఫెసర్లు ఎదురెదురుగా కూర్చున్నాక కబుర్లు ఎంతసేపని కబుర్లుగా ఉంటాయి? మాట ప్రయోగశాల మీదికి మళ్లింది. రూబెన్స్ తమ తాజా కొలతల సంగతి చెప్పాడు. ప్లాంక్‌కి కాళ్ల కింద నేల కదిలింది.

గ్రాఫులో గీత వంగడం లేదు. తిన్నగా పైకి పోతోంది.

అది వంగి తీరాలి. వంగుతుందని చెప్పే సమీకరణానికి రుజువు రాసిందే ప్లాంక్.

కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది. తర్వాత పసుపు. ఇంకా కాలిస్తే తెలుపు. ఎంత వేడికి ఏ తరంగం ఎంత శక్తి మోసుకొస్తుంది? బెర్లిన్ పక్కనే, షార్లోటెన్‌బుర్గ్‌లో 1887లో పెట్టిన ప్రభుత్వ కొలతల సంస్థ ఈ ప్రశ్న వెంట పడింది. కరెంటు దీపాలు గ్యాసు దీపాలతో పోటీకి దిగిన రోజులవి. ఏది ఎంత వెలుగిస్తుందో తేల్చాలంటే నమ్మకమైన కొలత కావాలి. 1896లో విల్‌హెల్మ్ వీన్ ఒక సమీకరణం ఇచ్చాడు. పొట్టి తరంగాల దగ్గర చక్కగా కుదిరింది. 1899లో ప్లాంక్ ఇంకో అడుగు వేసి, ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం నుంచి ఈ సమీకరణమే రావాలని తేల్చేశాడు. ఇక తిరుగులేదనుకున్నాడు.

అటు రూబెన్స్, ఫెర్డినాండ్ కుర్ల్‌బామ్ కంటికి కనబడని పొడవాటి తరంగాల్ని పట్టుకున్నారు. ఒళ్లంతా మసి పట్టినట్టున్న బోలు కొలిమిని ఒకపక్క ద్రవగాలి చలి దగ్గర, మైనస్ 188 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి ఇంకోపక్క 1500 డిగ్రీల దాకా తీసుకెళ్తూ, అందులోంచి వచ్చే వేడి కిరణాల్ని ఫ్లోరైటు పలకల మీద, సైంధవ లవణం పలకల మీద మళ్లీ మళ్లీ పరావర్తనం చేయించి, చివరికి మిగిలిన ఆ కాస్త కిరణాన్నీ సున్నితమైన పరికరం మీదికి పంపి, ముల్లు ఎంత కదిలిందో ఒక్కొక్కటే రాసుకున్నారు. ఒక తరంగం పొడవు 51.2 మైక్రాన్లు. ఎర్రటి వెలుగు కంటే దాదాపు 70 రెట్లు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా శక్తి వేసి చూశారు. వీన్ సమీకరణం గీసే గీత కాస్త లేచి, వంగి, చదునైపోతుంది. వీళ్ల చుక్కలు మాత్రం సరళరేఖ మీద ఎక్కుతూనే ఉన్నాయి.

అతిథులు వెళ్లిపోయారు. అక్టోబరులో బెర్లిన్‌కి చీకటి తొందరగా పడుతుంది. ప్లాంక్ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

ఆయన పెద్దరికం ఇక్కడే కనబడుతుంది. తన రుజువుని కాపాడుకోవాలని చూళ్లేదు. కొలతల్ని తప్పుబట్టలేదు. ఎంట్రోపీ లెక్కల్లో తను వాడుతున్న ఒక రాశిని బయటికి తీశాడు. శక్తి మారితే ఆ రాశి ఎలా మారుతుంది? వీన్ చెప్పింది నిజమైతే, ఆ రాశి శక్తికి అనులోమం. గ్రాఫు వేస్తే సరళరేఖ, y = ax. రూబెన్స్ చెప్పింది నిజమైతే, శక్తి వర్గానికి అనులోమం. గ్రాఫు పరావలయం, y = bx². పొట్టి తరంగాల దగ్గర మొదటిది కళ్లెదుట రుజువైంది. పొడుగు తరంగాల దగ్గర రెండోది. దేన్ని వదులుకోవాలి?

దేన్నీ వదల్లేదు. రెండూ కూడేశాడు.

y = ax + bx². పదో తరగతి పిల్లలకి రోజూ ఎదురయ్యే రూపం. a, b రెండూ 1 అనుకుని చూడండి. x విలువ 0.01 అయితే, దాని వర్గం 0.0001. లెక్కలోకే రాదు, గ్రాఫు సరళరేఖలాగే కనబడుతుంది. x విలువ 100 అయితే, వర్గం 10,000. ఇప్పుడు ఆ 100 లెక్కలోకి రాదు, పరావలయమే మిగులుతుంది. ఒకే సమీకరణం. రెండు కొసల్లో రెండు ముఖాలు. ఇక్కణ్నుంచి ప్లాంక్ మెట్టు మెట్టుగా వెనక్కి నడిచాడు. వీన్ సమీకరణం మళ్లీ కనబడింది. హారంలో మాత్రం కొత్తగా ఒకటి చేరింది.

మైనస్ 1.

అంతే తేడా. చలి దగ్గర హారంలోని ఘాత పదం బ్రహ్మాండంగా ఉంటుంది. 1,00,000 లోంచి 1 తీస్తే ఎవరికి తెలుస్తుంది? వీన్ గీత చెక్కుచెదరదు. వేడి పెరిగేకొద్దీ ఆ పదం 1కి దిగుతుంది. 1.01 అయిందనుకోండి. 1ని దాంతో భాగిస్తే దాదాపు 1, గీత చదును. ముందు 1 తీసేసి, మిగిలిన 0.01తో భాగిస్తే 100. చదునవ్వాల్సిన గీతని పైకెత్తి రూబెన్స్ చుక్కల మీద నిలబెట్టింది ఆ ఒకటే. ప్లాంక్ ఒక పోస్టుకార్డు తీసుకున్నాడు. సూత్రం రాశాడు. రూబెన్స్‌కి పంపేశాడు.

అక్టోబరు 19. జర్మన్ ఫిజికల్ సొసైటీ సమావేశం. ముందు కుర్ల్‌బామ్ కొలతలు చదివాడు. తర్వాత ప్లాంక్ లేచి తన సూత్రాన్ని సభ ముందు పెట్టాడు. అది అప్పటికి ఊహ మాత్రమే. ఎందుకు నిజమో చెప్పలేడు. ఆ రాత్రే రూబెన్స్ తమ కొలతలన్నీ ముందేసుకుని ఒక్కొక్క అంకె సరిచూశాడు. తెల్లారి ప్లాంక్ ఇంటికొచ్చాడు.

ప్రతి చోటా కుదిరింది.

లుమ్మర్, ప్రింగ్స్‌హైమ్ అనే ఇంకో జంట మాత్రం తేడా కనబడుతోందన్నారు. కొన్నాళ్లకి ప్రింగ్స్‌హైమే వచ్చి, లెక్కలో పొరపాటు తమదేనని చెప్పాడు. గ్రాఫు గెలిచింది. కానీ ప్లాంక్‌కి నిద్ర లేదు. ఆ మైనస్ 1 ఎక్కణ్నుంచి వచ్చింది?

కొన్ని వారాలు తలబద్దలు కొట్టుకున్నాడు. చివరికి ఒక్క దారే దొరికింది. శక్తి ధారగా రాదు, ముక్కలుగా వస్తుంది. పౌనఃపున్యాన్ని h అనే స్థిరాంకంతో గుణిస్తే ఒక్కో ముక్క. నమ్మి చేసిన పని కాదది, గత్యంతరం లేక తెగించి చేసిన పనని చాలా ఏళ్ల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 1900 డిసెంబరు 14న అదే సొసైటీ ముందు చదివాడు. క్వాంటం సిద్ధాంతం పుట్టినరోజుగా భౌతికశాస్త్రం ఆ తేదీనే లెక్కేసుకుంటుంది. 1918 నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

1990 జనవరిలో అమెరికా ఖగోళ శాస్త్రవేత్తల సభలో జాన్ మాథర్ తెర మీద ఒక గ్రాఫు చూపించాడు. విశ్వం పుట్టుక నాటి వేడి ఇప్పటికి ఎంత మిగిలిందో కోబ్ ఉపగ్రహం కొలిచి పంపిన చుక్కలవి. పరమశూన్యానికి 2.7 డిగ్రీలు పైన. చుక్కలన్నీ ప్లాంక్ సమీకరణం గీసిన గీత మీదే ఉన్నాయి. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.