వెక్కిరింత వేరు, వెలి వేరు

ఈ రోజు పంటల సంగతి కాదు, పాత కథ. కొంచెం ఓపిగ్గా చదవండి.

ధవళేశ్వరం అనగానే మనకి 1852 నాటి ఆనకట్ట, కాటన్ దొర గుర్తుకొస్తారు. 1874లో అదే ఊళ్లో పంతులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆ ఏడే 'వివేకవర్ధని' పత్రిక కూడా మొదలెట్టారు. లంచాలు తినే ఉద్యోగుల్ని, బాల్యవివాహాల్ని అందులో ఉతికి ఆరేసేవారు.

ఆయనకి ఎదురు నిలబడిన పండితుడు కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు. చెన్నపట్నంలో 'ఆంధ్రభాషా సంజీవని' ఆయన పత్రిక. స్త్రీవిద్య మీద ఇద్దరికీ పెద్ద వాదం నడిచింది. పంతులు గారు ఎగతాళికి 'హాస్యవర్ధని' తెచ్చారు. అంటే వివేకవర్ధని పేరు మీదే చురక. వీరేశలింగం గారు ఊరుకుంటారా? 'హాస్యసంజీవని' తెచ్చారు. చురకకి చురక! కోడిపందెమే గానీ కాళ్లకి కత్తులు లేవండి.

1878లో తెల్లదొరలు దేశభాషా పత్రికల నోరు కట్టడానికి ఒక చట్టం చేశారు. మద్రాసు రాజధానికి అది వర్తించలేదు. కాబట్టి వీళ్ల మీద ఆ కళ్లెం లేదు. ఎవరి మాట వాళ్లు పేరు పెట్టుకుని అచ్చేశారు, చదివినవాడు తూకం వేసుకున్నాడు. కొక్కొండ వారు పనిచేసిన ప్రెసిడెన్సీ కాలేజీలోనే తరవాత వీరేశలింగం గారూ తెలుగు పండితులయ్యారు.

ఇప్పుడు రెండో రకం చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పుడు కిట్టనివాళ్లు వాదించడం మానేసి వెలి వేశారు. వంటవాళ్లు రాలేదు. నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చుకున్నారు.

తేడా గమనించారా? వెక్కిరిస్తే ఎదుటివాడు మళ్లీ వెక్కిరిస్తాడు, మాట సాగుతుంది. నీళ్లు ఆపితే మాట్లాడే మనిషికే చోటు ఉండదు.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఆ రెండో పని చేశాను.

సార్వా ఊడ్పులకి ముందు రైతుల మీటింగులో ఒక కౌలు రైతు లేచి, "మురుగు కోడులో గుర్రపుడెక్క తీయించకపోతే చేలు మునుగుతాయండి" అన్నాడు. మనిషికింత చందా వెయ్యాలన్నాడు. చందా మాట నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పొచ్చు, లెక్క అడగొచ్చు. నేను అలా అనలేదు. "నీ పేరున సెంటు భూమి లేదు, నీకెందుకయ్యా ఇదంతా" అన్నాను. అందరూ నవ్వారు. అతను కూర్చున్నాడు. తరవాత ఏ మీటింగుకీ రాలేదు.

ఈనిక దశలో ముసురు పట్టింది. కోడు లాగలేదు. నా రెండెకరాలు ఆరు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. అతని కౌలు చేనూ మునిగింది, పైగా మక్తా మామూలే.

కొందరు "గొడవలెందుకు, మీటింగులో ఎవరూ ఎవర్నీ ఏమీ అనొద్దు" అంటున్నారు. అదీ తప్పేనండి. అప్పుడు కాలువ నీళ్లు దొంగతనంగా మళ్లించేవాణ్ణి అడిగేదెవరు? గట్టిగానే అడుగుదాం. అడిగేది మాత్రం పని గురించి అడుగుదాం. కులం, ఇంటి ఆడవాళ్లు, ఎకరాల లెక్క మధ్యలోకి తెస్తే అది వాదన కాదు, వెలి వెయ్యడమే.

మొన్న అతని ఇంటికెళ్లి తప్పయిందన్నాను. "పోనీండి బాబూ" అన్నాడు. టీ ఇచ్చాడు. కానీ ఆదివారం మీటింగుకి రాలేదు. కోడు ఎక్కడెక్కడ పూడిందో మా అందరికంటే అతనికే బాగా తెలుసు.