స్ప్రెడ్ స్పెక్ట్రమ్ చరిత్ర

ఒకే పౌనఃపున్యం మీద కదలకుండా సాగే రేడియో ప్రసారాన్ని పసిగట్టడం, చాటుగా వినడం, అడ్డుకోవడం తేలిక. సంకేతాన్ని విశాలమైన బ్యాండ్ అంతటా ఒక నిర్ణీత క్రమంలో పరిచి పంపడమే స్ప్రెడ్ స్పెక్ట్రమ్. శత్రువు కంట పడకూడదని వెతికిన ఈ ఉపాయమే, ఒకే బ్యాండ్‌ను ఎందరో పంచుకునే మార్గంగా మారింది.

నికొలా టెస్లాకు 1903లో లభించిన ఒక పేటెంటులో, వేర్వేరు పౌనఃపున్యాలు కలిసి అందితేనే పనిచేసే రిసీవర్ కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ మరో దారి పట్టారు. రేడియోతో నడిపే టార్పెడోను శత్రువు దారి మళ్లించకుండా చూడటం వారి లక్ష్యం. తనంతట తాను మోగే పియానోలో ఉండేలాంటి చిల్లుల కాగితపు చుట్టలు ఓడలో ఒకటి, టార్పెడోలో ఒకటి ఒకే వేగంతో తిరుగుతూ, రెండింటి పౌనఃపున్యాన్నీ ఒకేసారి మారుస్తాయి. పియానో మెట్లు ఎన్నో, పౌనఃపున్యాలూ అన్నే: 88. 1942 ఆగస్టు 11న పేటెంటు వచ్చినా, అమెరికా నౌకాదళం యుద్ధంలో దీన్ని వాడలేదు. పౌనఃపున్యాలు మార్చే ఆలోచన అంతకు ముందే ఉన్నా, రెండు కొసలను ఒకే లయలో నడిపిన ఆ నేర్పు మెచ్చదగినది.

మరో పద్ధతిలో, సంకేతాన్ని వేగవంతమైన కోడ్‌తో కలిపి, చుట్టూ ఉన్న రొద కంటే కింది స్థాయికి పలుచన చేస్తారు. కోడ్ తెలిసిన రిసీవర్ దాన్ని మళ్లీ కూడగడుతుంది. కోడ్‌లు వేరైతే ఒకే పౌనఃపున్యాన్ని పలువురు ఒకేసారి వాడుకోవచ్చు. జీపీఎస్ ఉపగ్రహాలు చేసేది ఇదే. 2000 దశకంలో భారతదేశంలో రిలయన్స్, టాటా ఇండికామ్ అమ్మిన సీడీఎంఏ ఫోన్లదీ ఇదే సూత్రం.

1985లో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, 2.4 గిగాహెర్ట్జ్‌తో సహా మూడు బ్యాండ్లలో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పరికరాలను లైసెన్సు లేకుండా అనుమతించింది. తర్వాత అక్కడే వైఫై, బ్లూటూత్ వేళ్లూనుకున్నాయి. తొలి బ్లూటూత్ 79 చానెళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు మారుతుంది. అయితే ఆ క్రమం పరికరపు చిరునామా, గడియారాల నుంచి వచ్చేదే, రహస్యమేమీ కాదు కాబట్టి, గోప్యతకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి.

బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆరన్ వైనర్ 1975లో మరో సంగతి నిరూపించారు. చాటుగా వినేవారికి అందే సంకేతం అసలు గ్రహీతకు అందేదానికంటే నాసిరకమైతే, ముందుగా పంచుకున్న రహస్య కీ లేకుండానే గోప్యత సాధ్యం. పరిసరాల్లోని స్పెక్ట్రమ్‌ను గమనించి దానికి తగ్గట్టు మారే కాగ్నిటివ్ రేడియోల మీద పనిచేసే పరిశోధకులు దీన్ని స్పెక్ట్రమ్ పంపకానికి అన్వయించారు. హక్కుదారు తన బ్యాండ్‌లో కొంత వాటా ఇతరులకు ఇస్తాడు, బదులుగా వారు దొంగచాటు శ్రోత వైపు కావాలనే రొద పంపుతారు. ఆ రొద అసలు గ్రహీతను తాకకూడదు, పంపేవారు నమ్మదగినవారై ఉండాలి.