పానగల్లు సముద్రం

మొన్న సంక్రాంతికి నార్కట్‌పల్లిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. పిల్లలకు పడవ ఎక్కాలని ఒకటే సరదా. సరేనని పులిహోర, సకినాలు డబ్బాలకెత్తుకుని నల్లగొండ దారి పట్టాం. సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్ళేసరికి పానగల్లు, దాని పక్కనే ఉదయ సముద్రం! చల్లగాలి, కనుచూపుమేర నీళ్ళు.

చేపలు పట్టే పెద్దాయన ఒకాయన మమ్మల్ని గట్టు వెంబడే ఓ చుట్టు తిప్పడానికి ఒప్పుకున్నాడు.

"దేవుడు ఎంత చక్కటి సరస్సు ఇచ్చాడయ్యా!" అన్నాను.

ఆయన నవ్వాడు. "దేవుడేడ ఇచ్చిండమ్మా, మనుషులే కట్టిన్రు" అన్నాడు.

నిజమే కదా! కొల్లేరులాంటి సహజమైన మంచినీటి సరస్సు ఈ మెట్టనేలకు దక్కలేదు. వాలు మీద పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. దానికి అడ్డంగా మట్టికట్ట పోసి ఆపుకున్నవే ఇక్కడి చెరువులు. 11, 12 శతాబ్దాల్లో పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోడుల్లో ఉదయుడనే రాజు దీన్ని కట్టించాడనీ, అతని పేరే చెరువుకు వచ్చిందనీ చెబుతారు. ఆ రోజుల్లో చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. అంటే కన్నబిడ్డతో సమానమన్నమాట.

ఇదంతా రాజుల గొప్పేనా అనకండి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తన తల్లి బయ్యమాంబ పుణ్యం కోసం బయ్యారంలో చెరువు కట్టించింది. అక్కడి 1219 నాటి శాసనం కాకతీయుల వంశచరిత్రకే ముఖ్యమైన ఆధారమైంది. అమ్మ పేరు నిలపాలనుకున్న కూతురి వల్ల మనకు ఒక రాజవంశం కథ దక్కింది! కానీ ఆ కట్టల మీదికి తట్టలతో మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం మనకెవరికీ తెలియవు.

ఒడ్డుకు వచ్చి అన్నాలు తింటూంటే మా ఆడపడుచు నీళ్ళ వంకే చూస్తోంది. "మా అత్తమ్మ నడుం వంగిపోయింది బావి నీళ్ళు తాగే, వదినా. ఈ నీళ్ళు అప్పుడుంటే ఎంత బాగుండేది!" అంది మెల్లగా.

ఫ్లోరైడ్ నీళ్ళతో ఈ జిల్లా పడ్డ బాధ తెలియనిదెవరికి? ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు ఎలిమినేటి మాధవరెడ్డి కాలువ ద్వారా వచ్చి ఈ చెరువులోనే నిలుస్తున్నాయి. ఇక్కడినుంచి నార్కట్‌పల్లి మండలంలోని బ్రాహ్మణ వెల్లెంలకు నీళ్ళెత్తే పథకం 2024 డిసెంబరులో మొదలైంది. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళనాటి కట్ట పక్కన కృష్ణమ్మ కాసేపు ఆగి, మా ఆడపడుచు ఊరి వైపు వెళుతోందన్నమాట!

ఇంతలో మా చిన్నాడు ఎంగిలి కవరు నీళ్ళలోకి విసరబోయాడు. చటుక్కున చెయ్యి పట్టుకున్నాను.

చెరువు తవ్వించే పుణ్యం మనకు ఎలాగూ లేదు. మనం తిన్న ఎంగిలి కవర్లు మనం ఇంటికి మోసుకుపోలేమా, చెప్పండి!