క్యాట్స్‌కిల్ మౌంటెన్ హౌస్: ఒక పర్వత విడిది ఉత్థాన పతనాలు (1824–1963)

1. ఉపోద్ఘాతం

1963 జనవరి 25 తెల్లవారుజామున న్యూయార్క్ రాష్ట్ర పరిరక్షణ శాఖ ఉద్యోగులు క్యాట్స్‌కిల్ పర్వతాలపై ఉన్న ఒక పాత చెక్కభవనానికి నిప్పుపెట్టారు. అమెరికాలోని తొలితరం పర్వత విడిది హోటళ్ళలో అగ్రగణ్యమైన క్యాట్స్‌కిల్ మౌంటెన్ హౌస్ ఆ విధంగా అంతరించింది. ఒక చారిత్రక కట్టడాన్ని ప్రభుత్వమే దహనం చేయడానికి దారితీసిన పరిస్థితులేమిటి? హోటల్‌కు వైభవం తెచ్చిన శక్తులే దాని పతనానికీ ఎలా దోహదం చేశాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్మాణ నేపథ్యం

హడ్సన్ నదికి పడమటి దిక్కున, సుమారు 2,250 అడుగుల ఎత్తున పైన్ ఆర్చర్డ్ అనే రాతి చరియ ఉంది. అక్కడి నుండి చూస్తే నదీలోయ మొత్తం కనిపిస్తుంది. క్యాట్స్‌కిల్ గ్రామ వర్తకులు సంఘంగా ఏర్పడి ఈ చరియ అంచున కట్టించిన హోటల్ 1824లో ప్రారంభమైంది. హడ్సన్‌పై ఆవిరి పడవల రవాణాలో ఉన్న గుత్తాధిపత్యాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది కూడా ఆ ఏడాదే. పడవల మధ్య పోటీ పెరిగి, ఛార్జీలు తగ్గాయి. నగరవాసులు పడవలో రేవుకు చేరి, అక్కడి నుండి గుర్రపు బండ్లలో కొన్ని గంటలు ప్రయాణించి కొండ ఎక్కేవారు.

3. సాహిత్యం కల్పించిన స్థలమహిమ

రవాణా సౌకర్యం ఒక్కటే ఈ ప్రదేశానికి కీర్తి తేలేదు. వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన ‘రిప్ వాన్ వింకిల్’ (1819) కథ ఈ కొండల్లోనే జరుగుతుంది. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ నవల ‘ది పయనీర్స్’ (1823)లో ఒక పాత్ర ఈ చరియ నుండి కనిపించే దృశ్యాన్ని వర్ణిస్తుంది. 1825లో ఈ ప్రాంతానికి వచ్చిన థామస్ కోల్ చిత్రాలతో హడ్సన్ రివర్ చిత్రకళా సంప్రదాయం రూపుదిద్దుకొంది. మన క్షేత్రాలకు స్థలపురాణాలు చేసే పనిని ఇక్కడ కథ, నవల, చిత్రం చేశాయని చెప్పవచ్చు. అతిథులు వేకువనే లేచి సూర్యోదయం చూడటం ఒక ఆచారంగా మారింది. మనుషులు భయపడిన అడవి క్రమంగా వారి ఆరాధనకు పాత్రమైంది.

4. వైభవం, పోటీ

గుర్రపు బండ్ల సర్వీసుల యజమాని చార్లెస్ ఎల్. బీచ్ 1839లో హోటల్‌ను కౌలుకు తీసుకొని, తరువాత కొనుగోలు చేశాడు. గ్రీకు శైలిలో 13 కొరింథియన్ స్తంభాలతో తీర్చిన ముఖభాగం ఆయన కాలపు గుర్తు. 1881లో జార్జ్ హార్డింగ్ సమీపంలోనే మరింత విశాలమైన హోటల్ కాటర్‌స్కిల్‌ను నెలకొల్పాడు. పోటీని తట్టుకోవడానికి బీచ్ రైలుమార్గాలను ఆశ్రయించాడు. 1892లో ప్రారంభమైన ఓటిస్ ఎలివేటింగ్ రైల్వే కేబుల్ సాయంతో అతిథులను నిమిషాల్లో కొండపైకి చేర్చేది.

5. క్షీణత

ప్రయాణం సులభమైన కొద్దీ ఈ శిఖరం ప్రత్యేకత సన్నగిల్లింది. రైళ్ళు ఇతర పర్వతాలనూ సముద్రతీరాలనూ అంతే చేరువ చేశాయి. మోటారు కారు వచ్చాక, వేసవంతా ఒకేచోట గడిపే అలవాటు తగ్గింది. 1918లో ఓటిస్ రైల్వే మూతపడింది. 1924లో ప్రత్యర్థి హోటల్ అగ్నికి ఆహుతైంది. మౌంటెన్ హౌస్ 1940ల తొలినాళ్ళ వరకు అతిథులను స్వీకరించి, ఆపై మూతపడింది. 1950 నాటి తుఫాను అప్పటికే శిథిలమవుతున్న భవనాన్ని మరింత దెబ్బతీసింది.

ప్రభుత్వ అటవీ సంరక్షణ భూములు శాశ్వతంగా అడవులుగానే ఉండాలని న్యూయార్క్ రాజ్యాంగం 1894 నుండి నిర్దేశిస్తోంది. 1962లో ఈ స్థలం రాష్ట్రం అధీనంలోకి రావడంతో, శిథిల భవనానికి ఆ భూమిలో చోటు లేకపోయింది. అడవిని ఆరాధించడం ఒక తరానికి నేర్పిన కట్టడం, ఆ ఆరాధన చట్టరూపం దాల్చాక దానికే అడ్డుగా కనిపించింది.

6. ముగింపు

చారిత్రక కట్టడాల పరిరక్షణకు అమెరికా జాతీయ చట్టం 1966లో వచ్చింది. రోలండ్ వాన్ జాంట్ ఈ హోటల్ చరిత్రను గ్రంథంగా ప్రచురించిందీ ఆ ఏడాదే. నేడు అక్కడ మిగిలినవి ఖాళీ మైదానం, నాటి సందర్శకులు బండలపై చెక్కుకొన్న పేర్లు. ప్రకృతిని మానవ స్పర్శ లేనిదిగా మాత్రమే నిర్వచించినపుడు, ఆ ప్రకృతిని ప్రేమించిన మనుషుల చరిత్ర చెరిగిపోయే ప్రమాదముందని మౌంటెన్ హౌస్ ఉదంతం నిరూపిస్తున్నది. పర్యావరణ పరిరక్షణనూ వారసత్వ పరిరక్షణనూ వేర్వేరు శాఖలకు అప్పగించే ఏ ప్రభుత్వానికైనా ఈ ప్రశ్న ఎదురవక తప్పదు.