సివిల్ సర్వీసు పరీక్షలలో తెలుగు స్థానం: చారిత్రక పరిశీలన

పోటీ పరీక్షల చరిత్రను సాధారణంగా పాలనా వ్యవస్థ చరిత్రలో భాగంగానే చూస్తారు. అయితే పరీక్షను ఏ భాషలో నిర్వహిస్తారన్నదే, దానికి ఎవరు సిద్ధం కాగలరన్న విషయాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ దృష్టితో చూసినప్పుడు సివిల్ సర్వీసు పరీక్షల చరిత్ర తెలుగు భాషా చరిత్రలోనూ ఒక అధ్యాయమవుతుంది. రెండు శతాబ్దాలలో ఈ పరీక్షలలో తెలుగు స్థానం మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పాలకులు నేర్చిన తెలుగు

కొలువు కోసం తెలుగు చదివి పరీక్షకు నిలిచిన తొలితరం వారిలో ఈస్టిండియా కంపెనీ యువ ఉద్యోగులు ప్రధానులు. వారికి దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల ఏర్పడింది. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు అభ్యసించి, 1820లో ఉద్యోగరీత్యా కడప వెళ్లాడు. ఈ విద్యార్థుల అవసరాలే కొన్ని గ్రంథాలకు కారణమయ్యాయి. ఎ.డి. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది. కళాశాలలో బోధించిన రావిపాటి గురుమూర్తి శాస్త్రి 1819లో విక్రమార్కుని కథలను వచనంలో రచించాడు. పద్యం ప్రధానమైన కాలంలో పాఠ్యవచనం రూపొందడానికి పరీక్షార్థుల అవసరం ఒక ప్రేరణ కావడం గమనించదగినది.

లండన్ పరీక్ష

1853 చార్టర్ చట్టం కంపెనీ డైరెక్టర్ల సిఫారసు నియామకాలకు స్వస్తి పలికింది. 1854లో మెకాలే సంఘం నివేదిక సమర్పించగా, 1855లో లండన్‌లో తొలి పోటీ పరీక్ష జరిగింది. ఆ సంఘం ప్రతిపాదించిన పట్టికలో గ్రీకు, లాటిన్ భాషలకు ఒక్కొక్కదానికి 750 మార్కులుండగా, సంస్కృతానికీ అరబిక్‌కూ 375 చొప్పున మాత్రమే ఉన్నాయి. భారతీయ దేశభాషలకు ఆ పట్టికలో చోటు లేదు. ఎంపికైన ఆంగ్లేయుడు ఆ తరువాత తాను పనిచేయబోయే రాష్ట్రపు భాష నేర్చుకొనేవాడు. తెలుగువాడు మాత్రం ఎంపిక కావడానికే సముద్రం దాటి, పరాయి భాషలో, పరాయి సాహిత్యాలలో నెగ్గవలసి వచ్చేది.

1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఉత్తీర్ణుడై తొలి భారతీయ సివిలియన్ అయ్యాడు. 1870 దశకంలో గరిష్ఠ వయస్సును 21 నుంచి 19 ఏళ్లకు తగ్గించడంతో భారతీయులకు ఈ మార్గం మరింత దుర్గమమైంది. ఇంగ్లండులోను, భారతదేశంలోను ఏకకాలంలో పరీక్ష జరపాలని 1893లో కామన్స్ సభ తీర్మానించినా అది అమలు కాలేదు. చివరకు 1922లో అలహాబాదులో పరీక్ష జరిగింది. దానితో ప్రయాణపు అడ్డంకి తొలగింది గాని భాషాపరమైన అడ్డంకి నిలిచే ఉంది.

1979 మార్పు

స్వాతంత్ర్యానంతరం కూడా ఆంగ్లం ఆధిపత్యం కొనసాగింది. ఎనిమిదవ షెడ్యూలు భాషలను కూడా అఖిల భారత ఉన్నతోద్యోగ పరీక్షలకు ప్రత్యామ్నాయ మాధ్యమాలుగా అనుమతించాలన్న పార్లమెంటు తీర్మానం 1968 జనవరి 18న ప్రకటితమైంది. దౌలత్ సింగ్ కొఠారి సంఘం 1976లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1979 నుంచి ప్రిలిమినరీ, మెయిన్, మౌఖిక పరీక్ష అనే మూడంచెల పద్ధతి వచ్చింది. మెయిన్ పరీక్షలో తెలుగులో సమాధానాలు రాసే హక్కు అప్పుడు లభించింది. తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా ఎంచుకొన్నవారు నన్నయ, తిక్కనలతో పాటు జాషువ ‘గబ్బిలం’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ చదవవలసి ఉంటుంది. చిన్న గుమాస్తా వెతలను చిత్రించిన నాటకం ఉన్నతాధికారి కాగోరేవారికి పాఠ్యం కావడం అర్థవంతమైన విషయం.

మిగిలిన అంతరం

ఈ హక్కుకు పరిమితులున్నాయి. ప్రిలిమినరీ ప్రశ్నపత్రం నేటికీ ఆంగ్ల, హిందీ భాషలలోనే వెలువడుతుంది. 2011లో ప్రవేశపెట్టిన సీశాట్ పత్రంపై 2014లో తీవ్ర ఆందోళన జరిగింది. 2015 నుంచి దానిని 33 శాతం మార్కులు చాలిన అర్హత పత్రంగా మార్చారు. ప్రశ్నపత్రపు భాష మాత్రం మారలేదు. మెయిన్‌లో తెలుగును ఎంచుకొన్న అభ్యర్థి కూడా ప్రశ్నను ఆంగ్లంలోనో హిందీలోనో చదివి తెలుగులో సమాధానం రాయాలి. సాంకేతిక పదాలకు ఆంగ్ల రూపాన్ని కుండలీకరణాలలో ఇవ్వడానికి నియమావళి అనుమతిస్తుంది. తెలుగు పరిభాష ఇంకా స్థిరపడలేదన్న వాస్తవానికి ఈ వెసులుబాటు పరోక్ష సాక్ష్యం. ఆర్థిక సర్వే వంటి ఆధారాలను ఆంగ్లంలో చదివి, ద్రవ్యలోటు, సమాఖ్య వంటి మాటలతో సొంత వచనాన్ని నిర్మించుకోవడమే తెలుగు మాధ్యమ అభ్యర్థి సన్నాహంలో అధిక భాగం. ఈ శ్రమకు పోటీలో అదనపు కాలం లభించదు.

అయినా అది అసాధ్యం కాదని 2016 పరీక్షలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ నిరూపించారు. తెలుగు మాధ్యమంలో, తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా రాసి ఆయన జాతీయ స్థాయిలో 3వ ర్యాంకు సాధించారు. అయితే ఒకరి విజయం వ్యవస్థలోని లోటును పూరించజాలదు.

ముగింపు

పాలకులకు తెలుగు నేర్పవలసి వచ్చినప్పుడు కంపెనీ ప్రభుత్వం పండితులను నియమించి వ్యాకరణాలు, వచన గ్రంథాలు సిద్ధం చేయించింది. పాలితులే పాలనాధికారులు కాదలచిన కాలంలో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలతో ఆ బాధ్యతను కొంతవరకు నిర్వహించింది. మాధ్యమాన్ని ఎంచుకొనే హక్కు 1979లోనే వచ్చింది. పాలన, ఆర్థికం, విజ్ఞానం, అంతర్జాతీయ సంబంధాలపై ఏటేటా నవీకరించే తెలుగు వచనం అందుబాటులోకి వచ్చినప్పుడే ఆ హక్కు సామాన్య అభ్యర్థికి ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు సాహిత్య బోధనతో పాటు ఈ వచన నిర్మాణాన్ని కూడా తమ పనిగా స్వీకరించవలసి ఉంది.